రెండుసార్లు వచ్చిన ఫారం

బైండింగ్ షాపులో ముప్పై ఏళ్లు ఆవిడ ఫారాలు మడిచి పేర్చింది, ఆయన కుట్టాడు. ఫారమంటే పదహారు పేజీల కట్ట. వరుస తప్పిందంటే ఆవిడ నోరు మెదిపేది కాదు, వేలితో బల్ల మీద రెండుసార్లు కొట్టేది. మొగుడు గొణుక్కుంటూనే, చచ్చినట్టు విప్పి మళ్ళీ కుట్టేవాడు.

పక్షవాతంతో మాట, కుడిపక్క పడిపోయి ఏడు నెలలైంది. ఆవిడకు ఏమీ తెలియడం లేదని డాక్టరు తేల్చేశాడు. ఆదివారం వచ్చి, రోగుల్ని చూసుకునే హోమ్‌లో చేర్పిస్తానంది కూతురు.

ఆయన మాత్రం రోజూ షాపు మూసొచ్చి ఓ నవల చదివి వినిపిస్తున్నాడు. ఆవిడ లేని షాపులో తనే పేర్చి తనే కుట్టిన పుస్తకం. వరదలో పడవ పోగొట్టుకున్న ఓ ముసలిది మళ్ళీ పడవ చేసుకునే కథ. ఒక చెక్క బిగిస్తే రెండు ఊడతాయి, అయినా ఆ మొండిఘటం వదలదు. ఇక్కడ వినే మనిషి గోడకేసి చూస్తూ పడుకుంటుంది. అయినా, ముసలిది పొద్దున్నే సుత్తి పట్టుకుందని చదివిన మర్నాడు, పక్కబట్టలు మార్చడానికి ఆయనకూ కాస్త ఓపిక వచ్చేది.

శనివారం సాయంత్రం అలసటతో యాంత్రికంగా చదువుకుపోతున్నాడు. టక్, టక్.

మంచం పట్టె మీద ఆవిడ ఎడమచేతి వేలు.

పేజీ చూశాడు. నూట పన్నెండు తర్వాత మళ్ళీ తొంభై ఏడు. ఒకే ఫారం రెండుసార్లు కుట్టేశాడు!

"ఏమే, నీకన్నీ తెలుస్తున్నాయా?"

ఆవిడ కళ్లు మూసి తెరిచింది.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్ తీసి కూతురి నంబరు నొక్కాడు. అవతల మోగుతుండగా తట్టింది. అన్నీ అంటే, అన్నీ.

"రేపు రా అమ్మా. తీసుకెళ్లడానికి కాదు."

"ఏమైంది నాన్నా?"

"పోయిన నెల ఈ మంచం పక్కనే నిలబడి అన్నాను కదా, ఇలా ఉండేకంటే పోతేనే దానికీ సుఖం, మనకీ సుఖం అని. నువ్వూ అవునన్నావు. మీ అమ్మ విందమ్మా."

ఫోన్ పెట్టేసి మంచం పట్టెకు తల ఆనించి ఏడ్చాడు. ఆవిడ ముఖంలోకి చూడ్డానికి మొహం చెల్లలేదు. కాసేపటికి ఆయన చెవి పక్కనే పట్టె మోగింది. టక్, టక్.

ఆయన కళ్లు తుడుచుకుని లేచాడు. కత్తెర తెచ్చి, ఆవిడ చూస్తుండగా, పుస్తకం కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.