ఆల్బంలో మాయమైన మంగు

మరిది బాలకృష్ణ పెళ్ళి ఆల్బం ఇంటికి వచ్చిన రోజు అనురాధ తన ఫొటోను తానే గుర్తుపట్టలేకపోయింది. స్టూడియో వాళ్ళు కంప్యూటర్‌లో ఆమె బుగ్గల మీది మంగును, ఆ నల్లటి మచ్చలను, తుడిచేశారు. "అబ్బ, ఆల్బంలో భలే ఉండావు వదినా!" అన్నారు ఆడబిడ్డలు. వాళ్ళు మెచ్చుకున్నామనే అనుకున్నారు. కానీ పాఠకులారా, ఆల్బంలో బాగున్నావంటే ఎదురుగా కూర్చున్న మనిషి సంగతేమిటి? అనురాధకు రెండు రోజులు అన్నం సయించలేదు.

అది రెండో కాన్పు తర్వాత వచ్చిన మంగు. యర్రగొండపాలెం దగ్గరి పల్లెలో పెద్దన్న అనే తన భర్తతో కలిసి గొర్రెలు మేపుకునే అనురాధ అంతవరకూ దాన్ని పట్టించుకున్నదే లేదు. ఇప్పుడు ఎవరికీ చెప్పకుండా మార్కాపురం బస్సెక్కింది. అక్కడి బ్యూటీ పార్లరులో ఒకావిడ ముఖానికి మందు పూసి, "ఇది కెమికల్ పీల్. పైపొర ఊడిపోయి కొత్త చర్మం వస్తది. రెండు వారాలు ఎండ తగలకూడదు, అంతే" అంది. నీ పని ఏమిటమ్మా అని మాత్రం అడగలేదు. గొర్రెలు కాసేవాళ్ళకు ఎండ తగలకూడదని చెప్పడం, వంటమనిషిని పొయ్యి దగ్గరకు పోవద్దనడమే.

పాపం, అనురాధ ప్రయత్నించింది. తలనొప్పని చెప్పి మూడు రోజులు గదిలో కూర్చుంది. నాలుగో రోజు పెద్దన్నకు జ్వరం వచ్చింది. మంద ఆకలితో అరుస్తుంటే చూడలేక, నెత్తిన కొంగు కప్పుకుని తోలుకుపోయింది. సాయంత్రానికి ముఖం మండిపోయింది. వారం తిరిగేసరికి మంగు ఉన్నచోట నల్లగా కమిలిన మరకలు తేలాయి. ఎండదెబ్బని ఇంట్లో అబద్ధమాడింది.

ఆ తర్వాత ఆమె మనుషుల్లోకి రావడం మానేసింది. నీళ్ళ ట్యాంకరు వస్తే బిందెలతో పెద్దన్నే ఆడవాళ్ళ వరసలో నిలబడేవాడు. వాళ్ళు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వులు గదిలోకి వినపడేవి. పన్నెండేళ్ళుగా అందులో తన నవ్వూ ఉండేది. ఇప్పుడది లేదేమని ఒక్కరూ అడగలేదే అని ఆమె కుమిలిపోయేది. పిల్లలు దగ్గరికి వస్తే గోడవైపు తిరిగి పడుకునేది. అడవిలో గొర్రెల వెంట ఒక్కతే తిరిగిన రోజుల్లో కూడా ఇంత ఒంటరితనం ఎరగదు.

నెల తర్వాత పార్లరు నుంచి ఫోన్ వచ్చింది. ఇంకో సిట్టింగ్ చేస్తే ఆ నలుపు పోతుందట. అనురాధ సంచి సర్దుకుంది. ఫోన్ మాటలు విన్న అత్త కొండమ్మ గడపలో అడ్డంగా కూర్చుంది.

"ఏందే అమ్మాయ్, ఇదా నీ ఎండదెబ్బ? నా ముఖం ఒకసారి చూడు."

అనురాధ చూసింది. అత్త బుగ్గల మీద, ముక్కు మీద ముదురు మంగు.

"నీ మొగుడు పుట్టినప్పుడు వచ్చింది. పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో తిన్నాం. ఎప్పుడన్నా చూసినావా?"

నిజమే. అత్తను చూసింది గాని ఆ మంగును ఏనాడూ చూడలేదు. ఇంత దగ్గరి మనిషికి కూడా నెల రోజులు చెప్పుకోలేకపోయానే అని అనురాధ వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు ఇద్దరూ చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్ళారు. "మంగుకు చికిత్స ఉందమ్మా. కొందరికి మేమూ పీల్ చేస్తాం. కానీ ముందు చర్మం చూడాలి, చేసే పని అడగాలి. కమిలిన చర్మం మీద మళ్ళీ చేయిస్తే మచ్చ ఉండిపోవచ్చు" అన్నాడాయన. మందు రాసిచ్చి, నెలలు పడుతుందని, పూర్తిగా పోతుందని మాటివ్వలేనని చెప్పాడు.

తర్వాత ట్యాంకరు వచ్చినప్పుడు అనురాధే ముఖం మీదికి కొంగు లాక్కుని బిందెతో వెళ్ళింది. వరసలో ముందున్న కాలేజీ పిల్ల రమ్యశ్రీ తన మొటిమలు తడుముకుంటూ, "రేపు మార్కాపురం పార్లరుకు పోయి పీల్ చేయించుకుంటా" అంటోంది.

అనురాధ బిందె కింద పెట్టింది. ఊరుకుంటే తన ముఖం ఎవరికీ తెలియదు. మాట్లాడితే ఊరంతా చూస్తుంది.

కొంగు తీసేసింది. నవ్వులు ఆగిపోయాయి. అంతమంది మధ్య ఆమె ఒక్కతే అయిపోయినట్టు నిలబడింది.

"రమ్యా, బాగా చూడు. ఎవరినీ అడక్కుండా పోయి నేను ఇట్ల చేసుకున్నాను. నువ్వు ముందు డాక్టరును అడుగు." తర్వాత వరసవైపు తిరిగింది. "మీరందరూ కూడా వినండి. ఆడపిల్ల ఎదురుపడితే ముఖంలో మచ్చలు ఎతకొద్దు, మనిషిని పలకరించండి. పలకరించేవాళ్ళుంటే ఏ పిల్లా తన ముఖాన్ని కాల్చుకోదు."