పదిహేడో నంబరు బిళ్ళ

డాన్యూబ్ నది మీద వచ్చిన ఓడ బ్రాటిస్లావాలో ఆగగానే గైడు లూబిత్సా ప్రయాణికులందరి కోట్ల మీదా నంబరు బిళ్ళలు అంటించింది. ముసలి హెర్మీనా తన పదిహేడో నంబరును పీకి సంచీలో పడేసింది.

"బిళ్ళ లేకపోతే తప్పిపోతారు బామ్మగారూ. ఐదింటికల్లా ఓడ వెళ్ళిపోతుంది."

"పుట్టిన ఊళ్ళో తప్పిపోతానటే? నాకు ఎనిమిదేళ్లప్పుడు, జర్మనులు యుద్ధంలో ఓడాక, జర్మను మాట్లాడే ఇల్లని మా చేతులకు గుర్తుగా గుడ్డ పట్టీలు కట్టి, ఇక్కడే రైలెక్కించి దేశంనుంచి వెళ్ళగొట్టారు. ఇంక ఏ గుర్తూ పెట్టించుకోను."

"ఓడకిద్దరైనా ఇక్కడే పుట్టామని చెబుతారు" అని లూబిత్సా గొణుక్కుంది. బేకరీ దగ్గర అందరికీ వంపు రొట్టెలు పంచుతూ హెర్మీనా చేతిలోనూ ఒకటి పెట్టింది. "ఇందులో అక్రోటు కూరారు, తినండి."

హెర్మీనా కొరకలేదు. వేళ్ళతో దాని వంపు తడిమింది.

"గుర్రపు నాడాలా ఉందంటే గసగసాలది. అక్రోటుది నెలవంకలా ఉంటుంది. మా అమ్మ కళ్ళు మూసుకుని చెప్పేది."

లూబిత్సా రొట్టె విరిచి చూసింది. లోపల గసగసాలు నల్లగా ఉన్నాయి.

బేకరీ ఆవిడ అందరి కోట్ల మీది బిళ్ళల వైపు, లూబిత్సా వైపు చూసి పకపకా నవ్వింది. "తప్పిపోయింది నువ్వేనమ్మాయ్. ఆ బిళ్ళేదో నువ్వే అంటించుకో."

హెర్మీనా అప్పటికే తన పాత వీధివైపు నడక సాగించింది.

"ఐదింటికి వస్తారా బామ్మగారూ?" లూబిత్సా వెనకనుంచి అడిగింది.

"వస్తాను. ఈసారి నన్నెవరూ ఎక్కించక్కర్లేదు, నేనే ఎక్కుతాను."