హైమావతి టీచరు కారు

నేను ఒక చిన్న కారును. ఎంత చిన్నదాన్నంటే, మొదట్లో నన్ను చూసినవాళ్ళెవరూ కారు అనలేదు. ఒకరు అగ్గిపెట్టె అన్నారు, ఇంకొకరు సబ్బుబిళ్ళ అన్నారు. విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక పెద్దాయన నా చుట్టూ తిరిగి చూసి, "ఇది పెరుగుతాదా, ఇంతేనా?" అని అడిగాడు. నాకు కోపం రాలేదు. మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, పుట్టుకతో వచ్చిన కాస్త మొండితనం. నా ఆస్తి అంతే.

ఉత్తరాదిన ఎక్కడో ఒక పెద్ద ఫ్యాక్టరీలో పుట్టాను. రేకులు వంచి, నిప్పురవ్వలు చిమ్ముతూ అతికించి, తెల్లరంగు పూశారు. నాలాంటివి వందలు వరసగా నిలబడి ఉండేవి, అన్నీ ఒకే పోలిక. మనుషుల్లో ఇద్దరు ఒక్కలా ఉంటే వింత. మాలో ఒకటి వేరుగా కనబడితే వింత. వెంటనే పక్కకు లాగి తనిఖీ చేస్తారు.

నా మొదటి యజమాని పొట్నూరు అచ్యుతరావు గారు, రిటైరైన ఇంజనీరు. నా గురించి ఆయనకు ఒకే ఒక్క గొప్ప: "లీటరుకి ఇరవై ఇస్తుందండీ!" ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆ మాట అందించేవారు. అది ఇరవై ఒకటి కావాలని దిగుడు రోడ్డులో ఇంజను ఆపేసి దొర్లించేవారు. ఆయన భార్య విశాలాక్షమ్మ గారు వెనకసీట్లోంచి, "బండికి పొదుపు మీరు నేర్పుతున్నారా, మీకు బండి నేర్పుతోందా?" అనేవారు. వానలో తీసేవారు కాదు, ఎండలో నిలిపేవారు కాదు. కొండల వైపైతే ముక్కు తిప్పనిచ్చేవారే కాదు. "చిన్న ప్రాణం, ఎక్కలేదు" అని అందరికీ చెప్పేవారు. ఎక్కలేనని ఆయనకెవరు చెప్పారో! నన్నైతే ఒక్కసారీ అడగలేదు.

ఆరేళ్ళకు ఆయన చూపు మందగించింది. అప్పుడు నన్ను చూడడానికి ఇద్దరు కలిసి వచ్చారు. ఒకరు సాలూరులో మెకానిక్ షెడ్డున్న గౌరీసు మేస్త్రి, బండి బాగోగులు చూసి చెప్పడానికి. ఇంకొకరు కొనుక్కునే మనిషి, హైమావతి టీచరు. నలభై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. ఆ కాలికి ఇనుప పట్టీలు, చేతిలో కర్ర.

"డ్రైవరు ఎవరమ్మా?" అని అడిగారు అచ్యుతరావు గారు.

"నేనేనండి."

ఆయన చూపు ఆమె కాలి మీదికి పోయింది. అలా చూసినందుకు తనే సిగ్గుపడి, తాళాలు ఆమె చేతిలో పెట్టారు. "ఒక్క మాటమ్మా. కొండరోడ్డుకి మాత్రం తీసుకెళ్ళకు. పాపం, ఎక్కలేదు."

హైమావతి టీచరు నవ్వింది. "నన్నూ అలాగే అంటారండి."

ఆ క్షణమే నాకు ఆమె నచ్చింది.

ఆమె సైన్సు టీచరు. పని చేసే బడి ఘాటు రోడ్డు మీద, తొమ్మిది మలుపులు దాటాక, కొదమవలసలో ఉంది. ఆ కొండ గూడేల పిల్లలకు ఆమె వచ్చేదాకా సైన్సు టీచరే లేదు. పైకి వెళ్ళే బస్సు బడిగంట కొట్టిన గంటకు గానీ రాదు. ఏడేళ్ళు తోటి మాస్టార్ల మోటారు సైకిళ్ళ వెనక కూర్చుని వెళ్ళింది. ఒక్కొక్కరే బదిలీ మీద దిగిపోయారు. ఆ ఏడాది ఆమెకు మిగిలింది ఆలస్యపు బస్సు ఒక్కటే. మొదటి పీరియడు రోజూ ఖాళీ.

వేసవి సెలవుల ముందు మండల విద్యాధికారి ఆమెను పిలిచారట. "జూన్‌లో కూడా ఇలాగే నడిస్తే ఆ పోస్టు కిందికి మార్చేస్తారమ్మా. మీరే అడిగి ఊళ్ళోకి వచ్చెయ్యండి, సుఖపడతారు" అన్నారట.

"మరి పైన సైన్సు ఎవరు చెప్తారండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారట. ఇదంతా గౌరీసు షెడ్డులో ఆమె చెబుతుంటే విన్నాను.

"బడి తెరవడానికి నలభై రోజులుంది మేస్త్రీ. దీన్ని చేత్తో నడిపేలా మార్చడం అవుతుందా, అవదా?"

గౌరీసు తల గోక్కున్నాడు. "ఇలాటి పని నానెప్పుడూ సెయ్యలేదమ్మా. అలాగని అవదని ఎలగ సెప్పీమంతారు?"

విశాఖ నుంచి సామాను తెప్పించి, స్టీరింగు కింద కుడివైపున ఒక ఇనప మీట బిగించాడు. వెనక్కి లాగితే వేగం, ముందుకు తోస్తే బ్రేకు. క్లచ్చికి ఎడమకాలు ఎలాగూ ఉంది. స్టీరింగు ఒంటి చేత్తో తిప్పడానికి దాని మీద ఒక గుండు అమర్చాడు. అంతా అయ్యాక, పాఠం చెప్పేవాడికి ముందు పాఠం రావాలి గదా అని, తన కుడికాలిని తువ్వాలుతో సీటుకి కట్టేసుకుని, టీచరుని పక్కన కూర్చోబెట్టుకుని, సంత మైదానంలో నన్ను నడిపాడు. ఇరవై ఏళ్ళుగా కార్లు నడుపుతున్న మనిషి! రెండో చుట్టులో తిన్నగా తీసుకెళ్ళి ఎండుమిరపకాయల వాళ్ళ తాటాకు పందిట్లో దూర్చాడు. ముగ్గురం తుమ్ములే తుమ్ములు. నేను తుమ్మానంటే నమ్మరు గానీ, ఆ సైలెన్సరు చప్పుడు తుమ్మే.

"సూసేరా అమ్మా, కాల్లున్నోడి సంగతే ఇలాగుంది" అన్నాడు గౌరీసు, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాటి నుంచి రోజూ తెల్లవారగానే పాఠం. మొదటి వారం నన్ను నలభైసార్లు ఆపేసి ఉంటుంది. రెండో వారానికి మైదానమంతా చుట్టింది. మూడో వారంలో కొత్త వంతెన ఎత్తు మీదికి తీసుకెళ్ళాడు. అసలు కష్టం అక్కడ మొదలైంది. ఎత్తు మీద ఆగిన బండిని మళ్ళీ కదిలించాలంటే ఎడమచెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద ఉండాలి, కుడిచెయ్యి మీట లాగాలి. మరి స్టీరింగు ఎవరు పట్టుకుంటారు? ముందే చక్రాలు సరిచూసుకుని, హ్యాండ్‌బ్రేకు వదిలీ వదలగానే ఎడమచెయ్యి స్టీరింగు మీదికి గెంతాలి. రెప్పపాటు ఆలస్యమైతే నేను వెనక్కి జారిపోతాను. పోయాను కూడా, ఎన్నిసార్లో.

ఒకరోజు ఆమె అన్నయ్య ప్రకాశరావు వంతెన దగ్గరికి వచ్చాడు. నేను జారడం కళ్ళారా చూశాడు.

"ఏటే హైమా ఇది? నీకేటి ఖర్మ? కిందికి బదిలీ అడుగు. రోజూ నేనే దింపి తీసుకొస్తాను."

"నువ్వెళ్ళు అన్నయ్యా" అంది ఆమె. ఆయన వెళ్ళాక చక్రాలు మళ్ళీ తిన్నగా తిప్పుకుంది. తర్వాత గౌరీసుతో అంది: "నన్ను పదేళ్ళదాకా మా నాన్న భుజం మీద బడికి మోశాడు. ఆ తర్వాత అన్నయ్య సైకిలు మీద, కాలేజీ అయ్యేదాకా. తను చదువు మధ్యలో మానేశాడు గానీ నన్ను ఒక్కరోజూ మాననివ్వలేదు. అందరూ ప్రేమగానే మోశారు మేస్త్రీ. అదే కష్టం. కోప్పడ్డానికి కూడా లేదు."

గౌరీసు వంతెన కేసి చెయ్యి చూపాడు. "మల్లీ ఎక్కించండి" అన్నాడు.

లైసెన్సు పరీక్షకు వెళ్ళిన రోజు అన్నీ బాగా చేశాం. ఎత్తు దిమ్మ మీద మాత్రం జానెడు వెనక్కి జారాను. పరీక్ష చేసే ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఏదో రాసుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. జాలిపడతాడేమోనని ఆమె బిగుసుకుపోయింది. ఆయన జాలిపడలేదు.

"అమ్మా, నేను మీ కాలు చూడను. బండి జారిందా లేదా, అదే చూస్తాను. జారింది. మళ్ళీ రండి."

తిరిగి వస్తూ దారిలో ఆమె ఏడ్చింది. రెండు కిలోమీటర్లు ఏడ్చి, పెట్రోలు బంకు దగ్గర మొహం కడుక్కుని, "మంచి మనిషి" అంది. "అందరితో ఎలా మాట్లాడతాడో నాతోనూ అలాగే మాట్లాడాడు. మేస్త్రీ, పదండి వంతెన దగ్గరికి."

బడి తెరవడానికి రెండు రోజుల ముందు మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఒక్క వేలెడు కూడా జారలేదు. నిజం చెప్పాలంటే అది నా గొప్ప కాదు, ఆ ఎడమచేతి గొప్ప. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, "తర్వాతివాళ్ళు రండి" అని కేకేశాడు.

బడి తెరిచిన రోజు ప్రకాశరావు పొద్దున్నే వచ్చి, అడక్కుండా ముందుసీట్లో కూర్చున్నాడు. దిగమని ఆమె అనలేదు. సాలూరు దాటాం. ఘాటు మొదలైంది. నేను పుట్టాక ఎక్కిన మొదటి కొండ అది. రెండో మలుపుకే గాలి పలచబడ్డట్టు అనిపించింది. ఏసీ కట్టేసి, రెండో గేరుకి దింపి, ఆమె ఓపిగ్గా లాగింది. నేనూ పళ్ళు బిగించి లాగాను.

అయిదో మలుపులో ఒక లారీ ఇరుసు విరిగి రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయింది. దాని వెనక రెండు జీపులు ఆగి ఉన్నాయి. లారీకీ లోయవైపు పిట్టగోడకీ మధ్య మోటారు సైకిలు పట్టే సందే ఉంది, లేదా నేను. జీపులవాళ్ళు మమ్మల్ని చూసి పక్కకు జరిగారు. కానీ అప్పటికే ఆమె ఆగక తప్పలేదు, రోడ్డంతటిలోకీ నిటారుగా ఉన్న చోట. మా వెనక ఒక వ్యాను వచ్చి, ఆనుకున్నంత దగ్గరగా ఆగింది.

ఇంకా పావుగంట ఉంది బడిగంటకి.

ఆమె హ్యాండ్‌బ్రేకు లాగింది. చెంపల మీద చెమట. మొదటిసారి ప్రయత్నించింది. నాకు ఊపిరి అందక ఇంజను ఆగిపోయింది. వెనక వ్యాను హారను కొట్టింది. లారీ డ్రైవరు దగ్గరికొచ్చి, "దిగండమ్మా, నేను అవతలికి తీసి పెడతాను" అన్నాడు.

"ముందు మీ లారీ సంగతి చూసుకోండి బాబూ" అంది ఆమె. అతను నవ్వి తప్పుకున్నాడు.

ప్రకాశరావు చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద పడింది. "నేను వదుల్తాను. నువ్వు స్టీరింగు పట్టుకో. చాలా తేలిక."

"వద్దన్నయ్యా."

"మొండికెయ్యకే! వెనక వ్యాను, పక్కన లోయ..."

"రేపు నువ్వుండవు కదా" అంది ఆమె, నెమ్మదిగా.

ఆయన ఆమె మొహం వంక చూశాడు. తర్వాత చెయ్యి తీసి, ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండో చేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

ఆమె చక్రాలు సరిచూసుకుంది. ఎడమకాలు క్లచ్చి మీద నుంచి వెంట్రుకవాసి చొప్పున పైకి లేచింది. కుడిచెయ్యి మీట లాగింది. నా ఒళ్ళంతా వణికింది, క్లచ్చి కాలిన వాసన కొట్టింది. ఇక్కడ ఆగిపోతే ఈ మనిషికి నేను తెచ్చేది ఓటమి ఒక్కటే అనుకుని, ఉన్న మూడు సిలిండర్లూ ఒక్కటి చేశాను. హ్యాండ్‌బ్రేకు దిగింది. ఎడమచెయ్యి స్టీరింగు అందుకుంది. నేను వెనక్కి పోలేదు. ముందుకే పోయాను. ఇటు బెత్తెడు, అటు బెత్తెడు వదిలి ఆ సందు దాటేశాను. జీపులవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె వాళ్ళ వైపు చూడనైనా లేదు, ముందున్న నాలుగు మలుపులు చూస్తోంది.

కొదమవలస బడిముందు ఆగేసరికి పిల్లలు ఇంకా వరసలు కడుతున్నారు. ఆమె కర్ర అందుకుని దిగింది. ప్రకాశరావు దిగి, నా బానెట్టు మీద చెయ్యి వేసి, వేడికి చటుక్కున తీసేశాడు.

"నేను బస్సుకి పోతాను" అన్నాడు. "సాయంత్రం నువ్వొక్కదానివే దిగిరా." కాస్త దూరం నడిచి, ఆగి, వెనక్కి తిరక్కుండానే, "దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచు" అన్నాడు.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ తొమ్మిది మలుపులూ రోజూ ఎక్కాం, దిగాం. సైన్సు పోస్టు అక్కడే ఉండిపోయింది. నా గురించి ఆమె అభిప్రాయం అడిగినవాళ్ళకు ఆమె దాపరికం లేకుండా చెప్పేది: "వెనకసీట్లో మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. డిక్కీలో రెండు సంచులకు మించి పట్టవు. గతుకులొస్తే ఎడమ తలుపు పాటకి తాళం వేసినట్టు కొట్టుకుంటుంది. ఘాటులో లీటరుకి పద్నాలుగే ఇస్తుంది. కానీ దారిలో ఒక్కరోజూ నన్ను దింపెయ్యలేదు." అచ్యుతరావు గారి ఇరవై కంటే నాకీ పద్నాలుగే ఎక్కువ గర్వం.

చివరికి నా రేకులు తుప్పు పట్టాయి, కాగితాల గడువు తీరిపోయింది. ఆమె గేర్లు మార్చే పని లేని కొత్త కారు కొనుక్కుంది. అదీ చిన్నదే. నన్ను తుక్కు కొట్టుకి పంపుతారని సిద్ధపడ్డాను. ఆమె పంపలేదు. గౌరీసును కొదమవలసకు పిలిపించింది. అతను నా చక్రాలు తీసి ఇటుకల మీద నిలబెట్టి, బానెట్టు విప్పి, ఇంజను పక్కభాగం కోసి లోపలంతా కనబడేటట్టు చేసి, దాన్ని చేత్తో తిప్పడానికి ఒక హ్యాండిలు బిగించాడు. సైన్సు గది వెనక వరండాలో ఇప్పుడు నేనొక పాఠాన్ని.

కోత కోసినప్పుడు బాధ కలిగిందా అంటే, కలిగింది. పెట్రోలు లేదు, ఊపిరి లేదు. తిరిగినన్నాళ్ళు తిరిగిన బండికి కదలకుండా నిలబడడం తేలిక కాదు. అదీ ఒక పనే అని నేర్చుకుంటున్నాను.

నిన్న తొమ్మిదో తరగతి వాళ్ళొచ్చారు. టీచరు అంతా వివరించి, "ఎవరు తిప్పుతారు?" అని అడిగింది. మగపిల్లలు ఒకరినొకరు తోసుకుంటుంటే, సుకిరి అనే పిల్ల, గూడెం నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చే పిల్ల, ముందుకొచ్చి హ్యాండిలు పట్టుకుంది. బిగుసుకుపోయి ఉన్నాను, రాలేదు. పక్కవాళ్ళు నవ్వారు. ఆ పిల్ల పెదవి బిగించి, రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, మళ్ళీ తోసింది. నా లోపల ఎక్కడో తుప్పు వీడింది. పిస్టను ఒకటి పైకి లేచింది, రెండోది కిందికి దిగింది.

"కదిలింది టీచరుగోరూ!" అని అరిచింది సుకిరి. "ఇది కదిలింది!"