నాలుగువందల పన్నెండో పేజీలోని దొంగపేరు

ఇరవై ఒక్క వేల పేర్లకు అర్థం తెలిసిన మనిషి ఆ మధ్యాహ్నం ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో, ప్లాస్టిక్ కుర్చీ మీద, ఒక్క పేరు రాయలేక కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో అట్ట, అట్టకు క్లిప్పు, క్లిప్పు కింద జనన నమోదు పత్రం. పదకొండు గళ్ళు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండాయి. పన్నెండోది, ‘శిశువు పేరు’ అన్న గడి, ఖాళీ. కింది అంతస్తులో రికార్డుల కిటికీ నాలుగింటికి మూస్తారు. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

ఈ మహనీయుడు వృత్తిరీత్యా కోశకారుడు. పందొమ్మిదేళ్ళు కూర్చుని ఆయన కూర్చిన శిశునామ కోశం రెండు కిలోలు తూగుతుంది. పుట్టిన వారాన్నే బిడ్డకు పేరుగా పెట్టే జాతులెవరో, మృత్యువు కన్ను పడకుండా ముద్దుబిడ్డను చెత్తా చెదారం పేర్లతో పిలిచే జాతులెవరో, బతికున్న తాత పేరు పెట్టడం కొందరికి గౌరవమూ కొందరికి అపచారమూ ఎందుకైందో, అన్నీ ఆయనకు కరతలామలకం. అందుకు ఆయనకు కించిత్తు గర్వం ఉండేది. కించిత్తు అనడం మన మర్యాద.

ఆ వృత్తిలో ఒక రహస్యమైన రివాజు ఉంది. అన్ని వేల నిజాల నడుమ ఒకే ఒక్క అబద్ధాన్ని నాటుతారు. ఎవడైనా కోశాన్ని దొంగిలిస్తే ఆ అబద్ధాన్నీ దొంగిలించక తప్పదు, అక్కడ దొరికిపోతాడు. మన కోశకారుడు నాలుగువందల పన్నెండో పేజీలో నాటిన అబద్ధం ఇది: ‘సియోరెల: ఆడపిల్ల పేరు. పోయి తిరిగి వచ్చిన ఊపిరి. ఒక ఉత్తర ద్వీపభాష.’

వల పన్నినందుకు చేప పడింది. పడినవాడు ఒకప్పుడు ఆయన దగ్గరే ప్రూఫులు దిద్దిన శిష్యుడు. గురువుగారి కోశాన్ని సాంతం మింగి, అట్ట మీద తన నవ్వు మొహం అచ్చేసుకుని, కొత్త కోశంగా లోకం మీదికి వదిలాడు. అందులో సియోరెల ఉంది, ఉత్తర ద్వీపంతో సహా. రేపు పదిన్నరకు కోర్టులో వాయిదా. కోశకారుడు బోనెక్కి ఒక్క వాక్యం చెప్పాలి: ఈ పేరు నా కల్పన, ఈ పేరుగల మనిషి లోకంలో లేదు. పందొమ్మిదేళ్ళ పరువు ఆ వాక్యానికి వేలాడుతోంది. అద్దం ముందు దాన్ని ఆయన నలభైసార్లు వల్లించాడు.

పదకొండు రోజుల కిందట ఆయన కూతురికి ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. పుట్టిన గంటకు పిల్ల ఊపిరి ఆగింది, మళ్ళీ వచ్చింది. తల్లి అప్పుడే ఒక పేరు అనుకుని, సిస్టర్లకు తప్ప ఎవరికీ చెప్పకుండా దాచింది. ఇక భయం లేదనుకోవచ్చని డాక్టరు ఈ ఉదయం అన్నాక, తన తండ్రి చేతికి పత్రమిచ్చి, సంబరంగా ఆ పేరు చెప్పింది. ఇరవై ఒక్క వేలలో అదే పేరు.

“రాశావా నాన్నా?” కూతురు పసిపిల్లల వార్డు గాజు తలుపు తోసుకుని వచ్చింది. జుట్టు ఎప్పుడు దువ్వుకుందో ఆమెకే తెలియదు.

“రాస్తున్నా తల్లీ. అక్షరాలు కుదరాలి కదా.”

“నాలుగక్షరాలకి ఇంతసేపా? మరి పుస్తకానికి పందొమ్మిదేళ్ళు పట్టదూ!”

కోశకారుడు గొంతు సవరించుకున్నాడు. “అది కాదమ్మా. జోయీ అని ఒకటుంది. గ్రీకులో ప్రాణం అని. ఎంత పొట్టిగా, ముద్దుగా ఉందో చూడు.”

“వద్దు.”

“పోనీ ఆయెషా. అరబీలో జీవించేది అని అర్థం. ఎన్నెన్ని దేశాల్లో...”

“ఏంటి నాన్నా, బట్టల కొట్లో తాన్లు పరిచినట్టు పరుస్తున్నావ్? అవన్నీ ఉన్న ప్రాణం గురించి. ఇది పోయి తిరిగొచ్చినదాని గురించి. నీ పుస్తకంలో ఆ అర్థం దీనికొక్కదానికే ఉంది.” ఆమె గొంతు తగ్గింది. “ఆ రోజు డాక్టరు ఏం చెప్పలేం అన్నాక నేను చదువుకున్నది ఆ ఒక్క లైనే. ఏదో చలిదేశంలో ఏ తల్లో పొయ్యి పక్కన బిడ్డనేసుకుని కూర్చుని, ఊపిరి మళ్ళీ వచ్చిందని ఈ పేరు పెట్టుకుని ఉంటుంది. ఆవిడ బిడ్డకి నిలిచింది కదా, నా బిడ్డకీ నిలుస్తుంది అనుకున్నా.”

కలానికి మూత పెట్టాడాయన. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

“ఆ తల్లి లేదమ్మా.”

“అంటే?”

“ఆ దీవీ లేదు. ఆ భాషా లేదు. నేనే రాశాను.”

కేసు సంగతి కూతురికి తెలుసు. దొంగపేరు ఏదో మాత్రం తెలియదు. తెలియడానికి రెండు క్షణాలు పట్టింది.

“రేపు నువ్వు కోర్టులో చూపించేది...”

“అదే.”

ఆమె గోడకు ఆనుకుంది. “ఎవర్ని తలుచుకుని రాశావ్? నా చిన్నప్పుడేమైనా అయిందా నాకు?”

ఇక్కడొక చక్కని అబద్ధానికి చోటుంది. అబద్ధాలు నాటడంలో సిద్ధహస్తుడు కూడాను. కాని ఆ విద్య సరిగ్గా పనికొచ్చే పూట ఆయన్ను వదిలేసింది.

“ఎవర్నీ కాదు. పేజీలో ఒక లైను తక్కువైంది. భోజనానికి ఆలస్యమవుతోంది. తోచింది రాశాను.”

“భోజనానికి!” అని నవ్విందామె. ఆ నవ్వు వినడం కన్నా చెంపదెబ్బ తినడం సుఖం. “నీ ఆకలి మీద నేను పదకొండు రోజులు బతికానన్నమాట. సరే. జోయీయో గీయీయో ఏదో ఒకటి రాసెయ్. పో.”

అప్పుడే లోపల యంత్రం కూత పెట్టింది.

ఇద్దరూ గాజు తలుపుకు అతుక్కుపోయారు. వెచ్చటి అద్దాల పెట్టెలోని పిల్ల కదలడం లేదు. తెరమీద ఆక్సిజన్ అంకె తొంభై నుంచి డెబ్బైకి, డెబ్బై నుంచి యాభై ఎనిమిదికి దిగింది. లావుపాటి సిస్టరు పెట్టె పక్కనున్న గుండ్రటి రంధ్రంలోంచి చెయ్యి దూర్చి అరికాలి మీద చిటికేసింది.

“సియోరెలా! ఏమ్మా, మళ్ళీ మర్చిపోయావా? తీసుకో ఊపిరి! సియోరెలా!”

యాభై నాలుగు. యాభై నాలుగు. కూతురి గోళ్ళు తండ్రి మోచేతిలో దిగబడ్డాయి. అరవై. డెబ్బై ఎనిమిది. తొంభై మూడు.

సిస్టరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. “కంగారు పడకండి తాతగారూ, నెలలు నిండని పిల్లలకి ఇది మామూలే. మా ఆయన ఇంటి తాళం మర్చిపోయినట్టు వీళ్ళు ఊపిరి మర్చిపోతారు.”

“పేరు పెట్టి పిలిస్తే తీసుకుంది కదా సిస్టర్?” అంది కూతురు.

“పేరుకి కాదమ్మా, చిటికేస్తే తీసుకుంటారు. పేరు మా నోటి అలవాటు. ముగ్గురం పదకొండు రోజులుగా ఇదే పిలుస్తున్నాం. ఇప్పుడు గనక మార్చారంటే మాకు నాలుక తిరగదు, ముందే చెప్తున్నా.”

ఆమె వెళ్ళిపోయింది. గడియారం మూడూ నలభై ఎనిమిది.

“రాయి,” అంది కూతురు.

“తల్లీ...”

“రాయి నాన్నా. కానీ ఒకటి. రాశాక, రేపు కోర్టులో దీన్ని దొంగపేరు అనకూడదు. ఈ పేరుగల మనిషే లేదని ప్రమాణం చెయ్యకూడదు. పెద్దయ్యాక నా కూతురు ఆ కాగితం చదువుకోకూడదు. లేదంటే రాయకు. రేపెళ్ళి గెలుచుకో. రెండూ కుదరవు.”

కోశకారుడి కళ్ళముందు శిష్యుడి నవ్వు మొహం నిలిచింది. అది రేపు పదిన్నరకు నల్లబడడం చూడాలని ఆయన రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. గడియారంలో ముల్లు కదిలింది. కూతురు బతిమాలలేదు, వెళ్ళనూ లేదు. ముల్లు ఇంకోసారి కదిలింది. గాజు అవతల, పిడికెడంత ఛాతీ పైకి లేచి, ఆలోచించుకుంటున్నట్టు కాసేపు ఆగి, కిందికి దిగింది. ఆ ఆగినంతసేపూ ఆయనా ఊపిరి బిగబట్టాడు.

నాలుగక్షరాలూ వంకరగా వచ్చాయి. ఆయన దస్తూరీ జీవితంలో అంత వికారంగా ఎన్నడూ లేదు.

మెట్లు దిగిన వేగం ఆయన వయసుకు తగినది కాదు. కిటికీ దగ్గర గుమాస్తా అప్పటికే రేకు మీద చెయ్యి వేశాడు. పత్రం లాక్కుని, ముద్ర ఊది, పన్నెండో గడి దగ్గర ఆగాడు.

“కొత్తగా ఉందే! ఏ భాషండీ?”

“ఇంకా మాటలు రాలేదు,” అన్నాడు ఇరవై ఒక్క వేల పేర్ల పండితుడు.

గుమాస్తా ఎగాదిగా చూసి ముద్ర గుద్దాడు. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉండగానే జేబులో ఫోను మోగింది. లాయరు.

“మాస్టారూ, రేపు పదింటికల్లా వచ్చెయ్యండి. ఎక్కువేం అక్కర్లేదు. ఈ పేరుగల మనిషి లోకంలో లేదు అనండి చాలు. వాడు నోరెత్తితే నన్నడగండి.”

“అలా అనలేనండీ.”

“అదేంటి మాస్టారూ, ఇప్పుడా చెప్పేది? కేసు పోతుంది! ఉందా ఏం, అలాంటి మనిషి?”

కోశకారుడు గోడకు జారగిలబడ్డాడు. పత్రంలో తన చేత్తోనే నింపిన తొమ్మిదో గడి గుర్తొచ్చింది.

“ఉందండీ,” అన్నాడు. “పన్నెండువందల పది గ్రాములు.”