యాగప్ప గుడి చూడని బూటు

నేను ఒక బూటును. సరిగ్గా చెప్పాలంటే ఎడమకాలి బూటును. కుడికాలిది నా పక్కనే ఉంది కానీ దానికి మాటలు తక్కువ. అందుకే కథ నేనే చెబుతున్నాను.

ఫ్యాక్టరీలో నన్ను కోసి, కుట్టి, నీటిచుక్క కూడా చొరదని పరీక్షించి, హైదరాబాదులో ఓ అద్దాల దుకాణంలో దీపాల కింద కూర్చోబెట్టారు. నా ధర చీటీ చూసి చాలామంది నన్ను ముట్టుకోకుండానే వెళ్లిపోయేవారు. అందుకు నాకు గర్వంగానే ఉండేది.

నన్ను కొన్నది గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టు నడిపే తుమ్మా శౌరిరెడ్డి. కొనిపించింది ఆయన గుండె. దానికి ఆపరేషను జరుగుతున్నప్పుడు ఆయన భార్య ఆరోగ్యమ్మ తమ ఊరి చర్చి పునీతుడూ ఏసు శిష్యుడూ అయిన యాగప్పకు మొక్కుకుంది. మనిషి దక్కితే స్పెయిన్ దేశంలో ఆయన సమాధి ఉన్న గుడికి ఇద్దరూ నడిచి వస్తామని. మనిషి దక్కాడు. దక్కిన మనిషి లెక్కలు మొదలుపెట్టాడు.

నడకకు ఖర్చేముంటుందిలే అని మొదట ధీమాగా ఉన్నాడు. తర్వాత విమానం టికెట్లు, వీసా, బీమా, వానకోట్లు, గుప్పిట్లో ఇమిడే దుప్పట్లు ఒక్కొక్కటే వచ్చి మీద పడ్డాయి. మూట మోయలేనివాళ్లు దాన్ని ముందు ఊరికి పంపే బండికి రోజూ డబ్బు కట్టాలని కూడా తెలిసింది. అసలు కంటే కొసరెక్కువైంది. చివరికి నా దగ్గరికొచ్చేసరికి ధర చీటీని రెండుసార్లు తిప్పి చూశాడు. ఒక్క జత, అదీ భార్యకే కొని, తాను పాత క్యాన్వాసు బూట్లతో బయల్దేరాడు. అది పిసినారితనమో ప్రేమో నాకు తేలలేదు.

దుకాణంలో నేను ఆమె పాదానికి అచ్చుపోసినట్టు సరిపోయాను. స్పెయిన్‌లో కొండలెక్కీ దిగీ ఆ పాదం వాచాక సరిపోవడం మానేశాను. మడమకు బొబ్బలెక్కాయి. అయినా ఆమె ఒక్కరోజూ ఆగలేదు. మొక్కు సగంలో వదిలేస్తే ఈయనకేమైనా అవుతుందేమోనన్న భయం ఆమెను నడిపించింది. ఆయన భయం మాత్రం నా గురించే.

ఆ దారిలో ప్రతి సత్రంలోనూ బూట్లు బయటే విప్పాలి. మన శౌరిరెడ్డికి గుణదల మేరీమాత తిరునాళ్ల నాటి అలవాటొకటి ఉంది. ఒక చెప్పు ఇక్కడ, ఇంకొకటి అల్లంత దూరాన విడవడం. జత దొరకని చెప్పును దొంగ కూడా ముట్టుకోడని ఆయన సిద్ధాంతం. రోజూ సాయంత్రం నన్నూ నా జోడునూ అలాగే చెరో మూలకు పంపేవాడు.

గుడి ఇంకా నాలుగు రోజుల దూరంలో ఉందనగా, పిలార్ అనే పెద్దావిడ సత్రానికి చేరాం. అక్కడ రేటు లేదు. గుమ్మం దగ్గరి డబ్బాలో ఎవరికి తోచింది వాళ్లు వేయాలి. శౌరిరెడ్డికి చిల్లర నాణెమొకటి తోచింది. ఆ సంతోషంలో ఆయన మరింత తెలివికి పోయాడు. కుడి బూటును అరలో పెట్టి, బురదకొట్టుకుపోయిన నన్ను పెరట్లో పాతబూట్ల కుప్పలో దాచాడు. చెత్తలో ఉన్నదాని మీద ఎవరి కన్ను పడుతుంది?

పిలార్ కన్ను పడింది. యాత్రికులు వదిలేసిన బూట్లలో పూలమొక్కలు పెంచడం ఆమె సరదా. నన్ను చేతిలోకి తీసుకుని ముచ్చటపడింది. నీరు నిలవకుండా మేకుతో నా అడుగున చిల్లు పొడిచింది, ఎర్రమట్టి కూరింది, పూతకొచ్చిన జెరేనియం మొక్క నాటి గోడమీద పెట్టింది. నీటిచుక్క చొరని నా గొప్పతనం అక్కడితో సరి.

పొద్దున్నే పువ్వు పూసిన నన్ను చూసి శౌరిరెడ్డి మెట్టుమీద కూలబడ్డాడు. సంగతి తెలిసి పిలార్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఆరోగ్యమ్మ మాత్రం సంచిలోంచి స్నానాల గదికని తెచ్చుకున్న హవాయి చెప్పులు తీసింది.

"వీటితో యాడ నడుస్తావే? ఆ కాళ్లు చూసుకున్నావా?" అన్నాడాయన.

"గుణదల కొండ ఏ బూట్లేసుకుని ఎక్కానండీ? లేవండి, ఎండెక్కుతోంది."

కుడి బూటును కూడా పిలార్ చేతిలో పెట్టి వెళ్లిపోయారు. నేను ఏడ్చాను. ఎవరూ గమనించలేదు. అందరూ మొక్కకు పోసిన నీళ్లనుకున్నారు.

వారం తిరిగేసరికి ఇద్దరూ బస్సు దిగి వచ్చారు. ఆరోగ్యమ్మ కాళ్లు మానుతున్నాయి, మొహం తేటగా ఉంది. గుడి చేరామని పిలార్‌కు సైగలతో చెప్పింది. ఆ గుడి గుమ్మంలో యాగప్ప బొమ్మ ఉత్తకాళ్లతోనే ఉందని మొగుణ్ణి ఆటపట్టించింది. ఆ ముక్క ఆ పునీతుడేదో ముందే చెప్పుంటే బూట్ల డబ్బు బోలెడు మిగిలేదని శౌరిరెడ్డి గొణిగాడు. గొణుగుతూనే జేబు తడుముకుని, ఈసారి డబ్బాలో మడతపెట్టిన నోటు వేశాడు. ఎంతదో నాకు కనపడలేదు గానీ భార్య మాత్రం ఆశ్చర్యంగా చూసింది.

అప్పటికి కుడి బూటులో కూడా పువ్వు పూసింది. గోడమీద మేమిద్దరం పక్కపక్కనే ఉన్నాం. శౌరిరెడ్డి కాసేపు మమ్మల్నే చూశాడు. తర్వాత ఇటూ అటూ చూసి, కుడి బూటును మెల్లగా ఎత్తి గోడ ఆ చివరికి తీసుకెళ్లి పెట్టాడు. ఇంత అందమైన జత మరి, ఎవరైనా ఎత్తుకుపోతేనో?

ఆరోగ్యమ్మ వెళ్లి దాన్ని తెచ్చి మళ్లీ నా పక్కన ఆనించి పెట్టింది. ఆమె చెయ్యి కాసేపు ఆయన ఛాతీమీది పాత కుట్ల దగ్గర ఆగింది.

"జతను విడదీయొద్దని పెళ్లినాడు చర్చిలో సాములోరు మీకేగా చెప్పింది?"