పాత చొక్కాల బొంత

ఆదివారంలోగా పిల్లకి పిల్లికూతలు తగ్గకపోతే రిసాలిలో తమ ఇంటికి తీసుకుపోతామని కల్యాణి అత్తగారు ఫోన్లో ఖరాఖండీగా చెప్పేసింది. పురిటికొచ్చిన కూతురు ఐదో నెల వెళ్ళేదాకా ఫ్యాక్టరీ పక్కన క్యాంప్ 2 బస్తీలో తన ఇంట్లోనే ఉండాలని పోలయ్య పంతం. 'మీ ఇంట్లో గాలి బాగోదండీ' అన్న మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది. "గాలి బాగుండే చోట మమ్మల్నెవడు ఉండనిచ్చాడు?" అన్నాడు, ఫోను పెట్టేశాక. పెట్టకముందు అనే దమ్ము అతనికెప్పుడూ లేదు.

డాక్టరు చెప్పినవన్నీ చేయించాడు. పొడి చీపురు మాన్పించి తడిగుడ్డ పట్టించాడు. దోమల కాయిల్ పారేశాడు. రోడ్డు దుమ్ము రాకుండా కిటికీకి గోనెపట్టా బిగించాడు.

"తలంటిన పిల్లకి సాంబ్రాణి పొగెయ్యకపోతే జలుబు సెయ్యదేటి?" అంది అతని భార్య నూకమ్మ.

"నీ పొగ నీ నెత్తినేసుకో."

ఇంత చేసినా, పిల్లని పడుకోబెడితే చాలు, ఛాతీలో కూతలు మొదలు.

శనివారం పొద్దున్న నేల తుడుస్తూ కల్యాణి పిల్ల పడుకునే బొంత ఎత్తింది. పోలయ్య పాత డ్యూటీ చొక్కాలు పొరలుగా పేర్చి నూకమ్మ కుట్టిన బొంత. పెద్దల ఒంటిమీద నలిగిన బట్టల్లో పడుకుంటే పసిపిల్లలకి ఆయుష్షని వాళ్ళ నమ్మకం. ఆ చొక్కాలతో పోలయ్య ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద ఇన్నేళ్ళూ ఇనపరాయి పొడి ఎత్తాడు. వచ్చినవాళ్ళందరికీ ఆ బొంత చూపించి మురిసేవాడు.

కల్యాణి దాన్ని వాకిట్లో దండెం మీద వేసి కర్రతో ఒక్కటిచ్చింది. ఎర్రటి పొడి లేచింది. ఇంకోటిచ్చింది. మళ్ళీ లేచింది.

"క్యా దీదీ, ఇప్పుడే హోలీయా?" అని పక్కింటి హిందీ ఆవిడ నవ్వింది.

"వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి ఉతికినానే!" నూకమ్మ బుగ్గలు నొక్కుకుంది.

అప్పుడే స్నానం చేసి వచ్చిన పోలయ్య అది చూశాడు. "పారెయ్ దాన్ని. కొత్త పరుపు తెస్తాను. దొంగ దొరికిపోయాడు కదా, ఇంక రిసాలి ఎందుకు?" అన్నాడు ఆశగా.

"బొంత పారేస్తాం. నీ తువ్వాలో? తలుపెనక నీ చొక్కాలో? డ్యూటీ దిగి ముందు ఎత్తుకునేది దాన్నే కద నాన్నా."

"నీళ్ళోసుకునే ఎత్తుకుంటానమ్మా."

కల్యాణి పిల్ల తెల్లగుడ్డ ఒకటి తడిపింది. దగ్గరికొచ్చి, దాంతో అతని చెవి వెనక గట్టిగా తుడిచి చూపించింది. గుడ్డ ఎర్రబడింది.

"నిన్నెక్కడ దులిపీది, నాన్నా?"

ఆ మాట అనేసి తనే ఏడ్చింది. పోలయ్య ఓదార్చలేదు. దగ్గరికెళ్ళాలంటేనే భయమేసింది.

"సామాను సర్దుకో. రేపటిదాకా ఎందుకు, ఇవాళే రమ్మను. నాకు డ్యూటీ ఉంది" అన్నాడు.

"పోయేముందు పిల్లనోసారి ముట్టుకోవేటి?" అంది నూకమ్మ.

అతను చెప్పులేసుకున్నాడు. గుమ్మం పక్కనే తల్లి పాత చీర మీద పిల్ల కాళ్ళాడిస్తోంది. దాన్ని దాటి బయటపడేదాకా పోలయ్య ఊపిరి బిగబట్టే నడిచాడు.