గట్టు మీద గంట

యోసేపు చొక్కా గుండీలు మళ్ళీ తప్పుగా పెట్టుకున్నాడు. కూతురు రూబీ చీపురు పక్కన పడేసి వచ్చి, అన్నీ విప్పి సరిగ్గా పెట్టింది.

"కూర్చోండి నాన్నా. కదలకండి. నాకు స్కూలుకి టైమైపోతోంది."

కూర్చోవడమే. రెండేళ్ళుగా అదే పని. నలభై ఏళ్ళు మండవల్లి చేపల చెరువుల్లో పడవ మీద తిరిగి, నీళ్ళలో పాతిన కర్రలకు చేపల మేతగా తవుడు సంచులు కట్టిన మనిషి. నీటి రంగు చూసి ఏ చెరువులో చేప మేత మానేసిందో చెప్పేవాడు. ఒకసారి గట్టు మీద జారి పడ్డాక రూబీ గేటుకు తాళం వేసింది. అప్పటినుంచే ఒక్కో పేరూ మరుపున పడుతోంది. ఎదురుగా ఇడ్లీ తింటున్న మనవరాలి పేరు నాలుక మీద ఆడుతోంది గాని బయటికి రావడం లేదు. పళ్ళు బిగించి తొడ మీద గుద్దుకున్నాడు.

"ఏలూరు డాక్టరు గారు రోజూ నడిపించమన్నారు కదమ్మా," అంది ఏంజెల్. "కదలకపోతే మతిమరుపు ఇంకా ముదురుతుందన్నారు."

"ఎవరు తీసుకెళ్తారే? నీళ్ళల్లో పడితే?"

"పడితే పడతాను!" యోసేపు అరిచాడు. "ఇక్కడ కూర్చుని ఏం బాగుపడ్డానమ్మా?"

ఆయన అలా అరవడం రూబీ ఎన్నడూ వినలేదు. తను పాఠాలు చెప్పే స్కూలుకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, గేటు తాళం తీసి ఆయన్ని చెరువు వైపు నడిపించింది.

గట్టు మీద మొదట అడుగులు తడబడ్డాయి. పోనుపోను కుదురుకున్నాయి. రేవులో పాత జతగాడు సుకుమార్ పడవలోకి తవుడు ఎత్తుతున్నాడు.

"రండి యోసేపు గారూ, ఒక్క వరస కట్టొద్దాం."

రూబీ వద్దనేలోపే ఆయన పడవలో కాలు పెట్టేశాడు. కర్ర దగ్గరికి రాగానే వేళ్ళు వాటంతటవే ముడి వేశాయి. ఒకటి, రెండు, తర్వాత వరసంతా.

ఒడ్డుకు వచ్చేసరికి చెమటతో తడిసిపోయాడు.

"ఏంజెల్‌కి ఈ ఏడు పదో తరగతి కదూ?"

రూబీ దిగడానికి చెయ్యి అందించింది. "అవును నాన్నా. రేపు కూడా వద్దాం."

"రేపొక్కరోజేనా? రోజూ రావాలి. రెండేళ్ళు పాడుచేశావు," అన్నాడు విసురుగా.

ఆ మధ్యాహ్నం అన్నం తిని వరండాలో మంచం మీద పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు.

వచ్చినవాళ్ళందరూ పడవ ఎక్కనివ్వకుండా ఉండాల్సిందన్నారు. నాన్న పోయింది గట్టు మీద గడిపిన ఆ గంట వల్లా, ఇంట్లో కూర్చోబెట్టిన ఆ రెండేళ్ళ వల్లా? ఎవరిని అడగాలో రూబీకి తెలియలేదు.

సాయంత్రం సుకుమార్ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"పడవలో మర్చిపోయారండి," అని యోసేపు తువ్వాలు ఆమె చేతికిచ్చాడు.

మడతల్లో తవుడు అంటుకుని, అది ఇంకా తడిగానే ఉంది.